కచేరీలు ఆగిపోతే పాటను ఎక్కడికి తీసుకెళ్ళాలి? వరంగల్ వైపు బృందాల కోసం ఒక పోలిక

2020 ఫిబ్రవరి 5న మేడారం జాతర మొదలైంది. నాలుగు రోజుల పాటు డోలు చప్పుడు తప్ప మరేదీ చెవిన పడలేదు. జాతర మొదలైన రోజు నుంచి సరిగ్గా ఏడు వారాలకు, మార్చి 25న, ఉగాది నాడే కరోనా వల్ల దేశమంతా మూతపడింది. మన రాష్ట్రంలో అయితే రెండు రోజుల ముందే. వాయించే తాళాలు మూటలోకి వెళ్ళాయి, తలుపులకు వేసే తాళాలు బయటికి వచ్చాయి.

హనుమకొండలో పెళ్ళిళ్ళకు, గణపతి మండపాలకు, గుడి ఉత్సవాలకు పాడే బృందం మాది, అప్పుడు ఏడుగురం. నేను కీబోర్డు వాయిస్తాను. లెక్కల పుస్తకమూ నా దగ్గరే ఉంటుంది. ఆ తర్వాతి రెండేళ్ళలో మేము తొక్కని దారి లేదు. కొన్నింటిలో చేతులు కాల్చుకున్నాం, ఒకటి రెండు నిలబెట్టాయి. మళ్ళీ అలాంటి కాలం వస్తే ఏం చేయాలని కొత్త బృందాల వాళ్ళు అడుగుతూనే ఉంటారు. వాళ్ళకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

అందరూ మొదట వేసే ప్రశ్న ఒకటే: ఎందులో ఎక్కువమంది చూస్తారు? ఆ ప్రశ్న దగ్గరే మేము ఆరు నెలలు పోగొట్టుకున్నాం. ముందు అడగవలసింది, డబ్బు ఎవరి చేతి నుంచి వస్తుంది, అది ఎంతమందికి అందుతుంది అని.

మన పాటకు డబ్బిచ్చేది ఎవరు?

మల్లన్న లాంటి దేవుళ్ళ కథలు పాడి చెప్పే ఒగ్గు కథనే తీసుకోండి. డోలు, ఊదే నపీర, కంజిర, తాళాలు, కథ చెప్పే ఒగ్గు పూజారి. మల్లన్న మొక్కుకు పట్నం, అంటే రంగుల ముగ్గు, వేయించుకునే ఇల్లు వాళ్ళను పిలుస్తుంది. వినేది వాడకట్టంతా, ఇచ్చేది ఆ ఒక్క ఇల్లు. మల్లన్న గుళ్ళున్న ఐలోనిలో, కొమురవెల్లిలో సంక్రాంతి నుంచి ఉగాది దాకా నడిచే జాతర్లలోనూ మొక్కు ఉన్నవాళ్ళే పట్నం వేయిస్తారు, చుట్టూ చేరి వినేవాళ్ళు చేతులు కట్టుకుని వింటారు. మా ఆర్కెస్ట్రాకూ అంతే. పెళ్ళిపెద్ద ఇస్తాడు, మండపం కమిటీ ఇస్తుంది, గుడి ధర్మకర్తలు ఇస్తారు. టికెట్టు కొని పాట వినే అలవాటు మన ఊళ్ళలో సినిమాహాలు దాటి రాలేదు.

2020లో ప్రపంచమంతా చెప్పుకున్న విజయాలు వేరే నేల మీద మొలిచినవి. దక్షిణ కొరియా బృందం బీటీఎస్ జూన్ 14న ఆన్‌లైన్‌లో పెట్టిన కచేరీని ఒకేసారి ఏడున్నర లక్షలకు పైగా టికెట్టు కొని చూశారు. చెన్నైలో డిసెంబర్ కచేరీల సీజన్‌ను సభలు కలిసి ఆన్‌లైన్‌కు మార్చాయి, మ్యూజిక్ అకాడమీ కూడా ఆ ఏడు తెర మీదే కచేరీలు నడిపింది. అక్కడ టికెట్టు కొనే రసికులు తరాలుగా ఉన్నారు, సప్త సముద్రాల అవతలా ఉన్నారు. వాళ్ళకు మారింది కుర్చీ మాత్రమే. మనకు అలా కాదు, పిలిచే ఇల్లే మూతపడింది. కాబట్టి కింద చెప్పే ప్రతి దారినీ నేను ఒకే కొలతతో చూస్తాను: పిలిచే మనిషిని మళ్ళీ తెచ్చిపెడుతుందా, లేదా?

ఫోను నుంచి ఉచితంగా లైవ్

అందరూ మొదట పడేది ఇందులోనే. పెట్టుబడి లేదు, అనుమతి అక్కర్లేదు, తెర కింద క్యూఆర్ కోడ్ పెడితే చదివింపులు వస్తాయన్న ఆశ. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపులకు తీసుకునేవాడి మీద రుసుము లేదు కాబట్టి పది రూపాయలు వేసినా పది చేతికి వస్తాయి. అంతవరకు బాగానే ఉంది.

మాకు ఎదురైన ఇబ్బందులు చెబుతాను. మొదటిది డేటా. 720పీ నాణ్యతతో సెకనుకు రెండున్నర మెగాబిట్ల చొప్పున పంపితే గంటకు ఒక జీబీకి పైగా ఖర్చవుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు ఉన్న ఫోను మీద గంటా ఇరవై నిమిషాలు నడుస్తుంది, ఆ తర్వాత మంగళం పాడకముందే మంగళం పాడేస్తుంది. రెండో ఫోను, వేరే కంపెనీ సిమ్ము పక్కన ఉంచుకోండి. వానాకాలంలో కరెంటు సంగతి వేరే చెప్పాలా, మిక్సర్‌ను ఇన్వర్టర్ మీదే పెట్టండి.

రెండోది హక్కులు. సినిమా పాట అందుకున్న నాలుగో నిమిషంలో ఒక సామాజిక మాధ్యమం మా శబ్దాన్ని ఆపేసింది. మాకు తెలియదు. పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేదని కాజీపేట నుంచి మా చెల్లెలు ఫోను చేసేసరికి మూడు పాటలు అయిపోయాయి. సినిమా పాటకు హక్కుదారు ఉంటాడు, మీరు సొంతంగా వాయించినా బాణీ ఆయనదే. తరతరాలుగా ఊళ్ళలో పాడుకునే జానపదానికి ఆ చిక్కు తక్కువ. కానీ ఎవరో రికార్డు చేసిన ట్రాక్ పెట్టుకుని పాడితే ఆ ట్రాక్ యజమాని వచ్చి కూర్చుంటాడు. ఖర్చు మిగులుతుందని వాద్యగాళ్ళను ఇంట్లో కూర్చోబెట్టి ట్రాక్‌తో పాడిన బృందాలకే ఈ నోటీసులు ఎక్కువ వచ్చాయి. అది చూసి మా డోలు అన్న నవ్విన నవ్వు ఇంకా గుర్తుంది.

మూడోది, ఇదే పెద్దది. ఉచిత లైవ్ గాయకుడికి పేరు తెస్తుంది, పక్కవాద్యాలకు ఏమీ తేదు. మొదటి లైవ్‌కు చదివింపులు బాగానే వచ్చాయి. రెండోదానికి సగం. అయిదోదానికి వచ్చింది పంచుకుంటే మనిషికి టీ ఖర్చు. ఎవరినీ తప్పుపట్టలేం, చూసేవాళ్ళ ఇళ్ళలోనూ జీతాలు ఆగిపోయాయి. నా సలహా: మొత్తం మీద రెండు మూడు లైవ్‌లు పెట్టండి, మీరు ఇంకా పాడుతున్నారని పాత పెళ్ళిపెద్దలకు తెలియడానికి. దాన్నే బతుకుతెరువు అనుకోకండి.

ఇంకొక మాట. ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని వీడియో కాల్‌లో కలిసి వాయిద్దామని ఉబలాటపడకండి. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు వెళుతుంది. వేదిక మీద నాకూ డోలుకూ మధ్య మూడు మీటర్లు ఉంటే దరువు నన్ను చేరడానికి సెకనులో వందో వంతు పడుతుంది. అంతవరకు చెవి సర్దుకుంటుంది. వీడియో కాల్‌లో ఆలస్యం దానికి పది పదిహేను రెట్లు, అప్పుడప్పుడు ఇంకా ఎక్కువ. అంటే డోలు అన్న భద్రకాళి చెరువుకు ఈ గట్టున, నేను ముప్పై నలభై మీటర్ల అవతల నీళ్ళలో పడవలో కూర్చుని వాయించినట్టు. ఇంటర్నెట్టులో మనం చూసిన గళ్ళు గళ్ళుగా కనిపించే బృందగానాలు కలిసి పాడినవి కావు. ఒక తాళం ట్రాక్‌ను అందరికీ పంపి, ఎవరి ఇంట్లో వాళ్ళు వాయించినదాన్ని తర్వాత ఒకచోట కుట్టినవి. ఆ కుట్టుపని మీకు వస్తే చేయండి, అందంగానే ఉంటుంది. అయితే దాన్ని లైవ్ అనకండి.

టికెట్టు పెట్టిన ఆన్‌లైన్ కచేరీ

దీని మీద ఎక్కువ చెప్పను. లెక్క చూడండి. నూరు రూపాయల టికెట్టు నూటయాభై మంది కొన్నారనుకుందాం. పదిహేను వేలు. అందులోంచి టికెట్టు అమ్మిన వేదిక వాటా, రెండు కెమెరాలు, సౌండు, కలిపి చూపే మనిషి, ఇవన్నీ పోగా మిగిలింది ఏడుగురికి. నూటయాభై మంది కొనడమే గొప్ప, ఒకరు కొన్న లింకు వాట్సాప్‌లో పెదనాన్న ఇంటి దాకా వెళుతుంది. పన్ను భయం మాత్రం పెట్టుకోకండి: మనిషికి 500 రూపాయలు మించని సంగీత కచేరీ ప్రవేశానికి జీఎస్టీ మినహాయింపు ఉంది. జానపద, శాస్త్రీయ కళాకారుల ప్రదర్శన పారితోషికం లక్షన్నర దాటకపోతే దానికీ ఉంది. సినిమా పాటల ఆర్కెస్ట్రాకు ఈ రెండోది వర్తించదు, గమనించండి.

టికెట్టు దారి ఎవరికి పనికొస్తుందంటే, శాస్త్రీయ సంగీతం పాడేవాళ్ళకు, అమెరికాలోనో దుబాయిలోనో మనవాళ్ళ సంఘం ఒకటి వెనక ఉన్నవాళ్ళకు. ఆ సంఘం టికెట్లన్నీ ఒకేసారి కొంటుంది. జాగ్రత్తగా చూస్తే అదీ పిలిచిన ఇల్లే.

రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టడం

వరంగల్, కరీంనగర్ వైపు జానపద పాటల వీడియోలకు ఎంత గిరాకీ ఉందో మీకు తెలుసు. పంట చేను, పాత ఇల్లు, పట్టు లంగా వోణీ, ఒక దరువు. కట్టడి రోజుల్లో ఇంట్లో కూర్చున్న జనం వీటిని బాగా చూశారు. కాబట్టి ఈ దారి ఆకర్షణ అబద్ధం కాదు.

కానీ సమయం పడుతుంది. ఆ రోజుల్లో ప్రకటనల డబ్బు రావాలంటే వెయ్యి మంది చందాదారులు, పన్నెండు నెలల్లో నాలుగు వేల గంటల వీక్షణ ఉండాల్సి వచ్చేది. ఎనిమిది నిమిషాల పాటను మొదటి నుంచి చివరిదాకా ముప్పై వేల సార్లు చూస్తే నాలుగు వేల గంటలు. సగంలో వదిలేసేవాళ్ళను కలిపితే దానికి రెండింతలు కావాలి. అన్నం కోసం తొందరపడి అప్పు చేసి చిత్రీకరించిన బృందాలు దెబ్బతిన్నాయి. ఉన్న ఫోనుతో, ఊరి చెరువుగట్టు మీద నెలకు ఒక్క పాట నింపాదిగా తీసినవాళ్ళు ఏడాదిన్నరకు గట్టెక్కారు.

ఇక్కడా పక్కవాద్యం సంగతి తేల్చుకోవాలి. ఛానల్ ఒకరి పేరు మీద ఉంటుంది. డోలు వాయించినవాడికి ఆ రోజు కూలి ఇచ్చి పంపిస్తారు, పాట పదేళ్ళు సంపాదిస్తుంది. మొదటి పాట కంటే ముందు ఒక తెల్లకాగితం మీద వాటాలు రాసుకోండి. మేము రాసుకోలేదు. మా బృందం ఏడుగురి నుంచి అయిదుగురికి తగ్గింది అక్కడే, మహమ్మారి వల్ల కాదు.

పాఠాలు

నెల నెలా చేతికి వచ్చే డబ్బు ఇదొక్కటే, అందుకే దీన్ని చిన్నచూపు చూడకండి. నేను కీబోర్డు, మా గాయని లలిత సంగీతం చెప్పాం. మొదటి వారమే ఒక వింత జరిగింది. శ్రుతిపెట్టె నా గదిలో నిండుగా మోగుతోంది. ములుగు నుంచి నేర్చుకునే అమ్మాయి, "సార్, శ్రుతి పెట్టలేదా?" అంటుంది. పెట్టానమ్మా అని ఫోనుకు దగ్గరగా జరిపాను. రెండు క్షణాలు వినిపించి మళ్ళీ మాయమైంది. సంగతి ఏమిటంటే, వీడియో కాల్ యాప్‌కు మాట మాత్రమే కావాలి. ఆగకుండా ఒకే స్థాయిలో మోగేదాన్ని అది ఫ్యాను చప్పుడు అనుకుని తుడిచేస్తుంది. మన సంగీతానికి ఆధారమైన షడ్జమం, మన 'స', దానికి ఫ్యాను!

సెట్టింగులలో చప్పుడు తగ్గించే సదుపాయాన్ని ఆపేసి, అసలు శబ్దాన్ని అలాగే పంపే ఏర్పాటు ఉంటే దాన్ని ఎంచుకోండి. దానికంటే మేలైన పద్ధతి, విద్యార్థి దగ్గరే శ్రుతి పెట్టించడం. మీరిద్దరూ ఒకే శ్రుతిలో, అయిదున్నర అనుకోండి, పెట్టుకుంటే ఆలస్యం సమస్య కూడా ఉండదు. కలిసి పాడకుండా, మీరు ఒక వరస, తర్వాత ఆ అమ్మాయి ఒక వరస. తబలా పాఠం ఇలా నడుస్తుంది. ఒగ్గు డోలు నడవదు, దాన్ని పక్కన నిలబడి ఒళ్ళంతా చూసి నేర్చుకోవాలి. మా డోలు అన్న మూడు పాఠాలు చెప్పి మానేశాడు. "తమ్ముడూ, ఎదురుగా మనిషి లేకుంటే దరువు ఎక్కడ తిప్పాలో నాకే తెలియడం లేదు, వాడికేం చెప్పాలి?" అన్నాడు.

తక్కువమందితో, ఆరుబయట, పిలిచినవాళ్ళ దగ్గరే

నా ఓటు దీనికి. ముందు అపాయం సంగతి. పాట అంటే ఊపిరి, మహమ్మారి ప్రయాణించిందీ ఊపిరి మీదే. 2020 మార్చి 10న అమెరికాలోని స్కాజిట్ లోయలో ఒక బృందగాన సాధనకు 61 మంది వచ్చారు. మూసిన హాలు, రెండున్నర గంటలు. రోగం ఉన్నవారు ఒక్కరే. తర్వాత నిర్ధారణ అయినవీ అనుమానమున్నవీ కలిపి 53 మందికి సోకింది, ఇద్దరు చనిపోయారు. ఆ సాధన తర్వాత గాయకులకు అర్థమైన పాఠాలు మూడు: హాలు వద్దు, ఎక్కువ సేపు వద్దు, ఒకరి ఎదురుగా ఒకరు నిలబడి పాడొద్దు. మన వాద్యాలలో డోలు, తబలా, కంజిర వాయించేవాళ్ళు మాస్కు పెట్టుకుని వాయించగలరు. సన్నాయి, నపీర ఊదేవాళ్ళకు ఆ వీలు లేదు. వాళ్ళను అందరికంటే దూరంగా, వాళ్ళ ఊపిరి మిగతావాళ్ళ వైపు కొట్టుకురాకుండా గాలి వీచే వైపు చూసుకుని నిలబెట్టాలి.

పెద్ద దేశాలు పెద్ద ప్రయోగాలు చేశాయి. జర్మనీలో 2020 ఆగస్టు 22న లైప్‌జిగ్‌లో సుమారు 1,400 మంది స్వచ్ఛందంగా వచ్చి, జనం కదలికను పరిశోధకులు కొలిచేలా ఒక కచేరీ చూశారు. బార్సిలోనాలో 2021 మార్చి 27న అయిదు వేల మందికి ముందుగా పరీక్ష చేసి, మాస్కులతో లోపలికి పంపారు. అన్ని వేల పరీక్షల ఖర్చు మన మండపం కమిటీ భరించదు. ఇంగ్లండులో న్యూకాసిల్ దగ్గర చేసిన పని మాత్రం మనకు పనికొచ్చేది: మైదానంలో 500 వేదికలు కట్టి, కలిసి వచ్చిన కొద్దిమందిని ఒక్కో దాని మీద కూర్చోబెట్టారు. మనకు వేదికలెందుకు, సున్నం చాలు. కిరాణా దుకాణాల ముందు వలయాలు గీసిన చేతులే కచేరీకీ గీశాయి.

మన దగ్గర లెక్కలు ఇలా మారాయి. పెళ్ళికి మొదట 50 మంది. 2020 సెప్టెంబర్ 21 నుంచి సాంస్కృతిక కార్యక్రమాలకు 100 మంది దాకా వీలు. అక్టోబర్ మధ్య నుంచి మూసిన హాలులో సగం సీట్లు, గరిష్ఠంగా 200. రెండో అల వచ్చాక 2021 మే 12న రాష్ట్రంలో మళ్ళీ కట్టడి, పెళ్ళికి 40 మందే, జూన్ 19 దాకా. ఈ అంకెలు మారిన ప్రతిసారీ పెళ్ళిపెద్ద మొదట కోసేది మేళాన్నే. ఒకాయన నా ముందే వేళ్ళు మడిచి లెక్కపెట్టి, "చుట్టాలే ముప్పై ఎనిమిది, మీరు ఇద్దరు రండి, మిగతాది పెట్టెలో పెట్టుకుని రండి" అన్నాడు. పెట్టె అంటే కీబోర్డు.

పెళ్ళి కాకుండా మాకు దొరికిన మంచి చోటు అపార్ట్‌మెంటు. బతుకమ్మ రోజుల్లో నక్కలగుట్ట వైపు నాలుగంతస్తుల భవనం సంఘం వాళ్ళు పిలిచారు. జనం బాల్కనీల్లోంచి దిగరు, మేము కింద కార్లు తీసేసిన ఖాళీలో వాయిస్తాం. సంఘం ఒకేసారి మొత్తం ఇచ్చింది, ఏడుగురికీ. అనుమతి, నీళ్ళు, కరెంటు వాళ్ళదే. సౌండు విషయంలో మొదట బోల్తాపడ్డాం. మూడు వైపులా గోడలు, స్పీకర్లు ఎప్పటిలా నిలబెట్టాం. డోలు కొట్టిన ప్రతి దెబ్బా గోడకు తగిలి తిరిగి వచ్చి మళ్ళీ కొట్టింది, ఒక డోలుకు మూడు డోళ్ళు. పావుగంట ఆపి, డోలుకు మైకు తీసేశాం, పెద్ద స్పీకర్లను తగ్గించాం, చిన్న మానిటర్ బాక్సులను పైకి తిప్పి ఒక్కో వైపు ఒక్కటి పెట్టాం. గొంతు ఒక్కటే మైకులో. అప్పుడు నాలుగో అంతస్తు వాళ్ళకు పాటలోని మాట తెలిసింది.

రెండో పాట నడుస్తుండగా రెండో అంతస్తు నుంచి ఒక బుట్ట దిగింది. కూరగాయల కోసం దించే తాడు బుట్ట. అందులో ఒక వందనోటు, దాని మీద ఎగిరిపోకుండా ఒక నిమ్మకాయ. పైన ఒక అవ్వ డోలు వైపు వేలు చూపిస్తోంది. ఆ రాత్రి దరువు ఎక్కడ తిప్పాలో మా అన్నకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆ నెలలో మరో నాలుగు భవనాలు పిలిచాయి, అన్నీ ఒకరి నోట ఒకరు విని.

దీనికీ లోపాలున్నాయి. వాన వస్తే ఆగిపోతుంది. పక్క వీధి వాళ్ళు ఫిర్యాదు చేస్తే పోలీసులు వస్తారు, కాబట్టి రాత్రి పది దాటకుండా ముగించాలి. రోగం ఉధృతంగా ఉన్న వారాల్లో ఎంత ఆరుబయట అయినా వెళ్ళకూడదు. 2021 మేలో మేము ఎక్కడికీ వెళ్ళలేదు, పాఠాల డబ్బే తిన్నాం. మీ బృందంలో అరవై దాటినవాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళు ఉంటే వాళ్ళను అడిగి నిర్ణయించండి, వాళ్ళ తరఫున మీరు ధైర్యం చేయకండి.

ఎవరికి ఏది

ఒక్కరే పాడేవాళ్ళైతే పాఠాలు, దాంతోపాటు నెలకో రికార్డు పాట. జానపద బృందమైతే ఆరుబయట, పిలిచినవాళ్ళ దగ్గర, మధ్యలో రికార్డింగు. శాస్త్రీయ సంగీతమైతే పాఠాలు, బయటి దేశాల సంఘం దొరికితే టికెట్టు. సినిమా పాటల ఆర్కెస్ట్రా అన్నిటికంటే కష్టం, లైవ్‌లో హక్కులు, పెళ్ళిలో కోత. మేము ఆ కాలంలోనే సగం పాటలు జానపదానికి మార్చుకున్నాం, ఇప్పటికీ తిరిగి మార్చలేదు. ఒగ్గు, శారద కథల వాళ్ళు మాత్రం తమను తరాలుగా పిలిచే ఇళ్ళను వదలొద్దు, ఒక ఏడు పట్నం వాయిదా పడ్డా సరే, ఫోను చేసి పలకరిస్తూ ఉండండి.

ఏ దారి పట్టినా బయానా కాగితం మార్చుకోండి. 2020 మార్చిలో పెళ్ళిళ్ళు ఆగినప్పుడు అందరూ బయానా వెనక్కి అడిగారు. మేము అప్పటికే వ్యానుకు, సౌండుకు ఇచ్చేశాం. ఇప్పుడు మా కాగితంలో మూడు వాక్యాలు ఉంటాయి. ఆంక్షల వల్ల తేదీ మారితే ఆరు నెలల దాకా బయానా చెల్లుతుంది. పూర్తిగా రద్దైతే సగం వెనక్కి. జనం సంఖ్య తగ్గించాల్సి వస్తే కార్యక్రమం నిడివి తగ్గుతుంది, వాయించేవాళ్ళ సంఖ్య తగ్గదు. మూడో వాక్యం దగ్గర ప్రతి పెళ్ళిపెద్దా ఒకసారి తల ఎత్తి చూస్తాడు. గంటన్నర పాటకు ఇద్దరు మేలా, ముప్పావు గంటకు బృందమంతా మేలా అని అడుగుతాను. ఇంతవరకు ఇద్దరు పెళ్ళిపెద్దలు ఆ వాక్యం కొట్టేశారు, మిగతావాళ్ళు సంతకం పెట్టారు.